ఆస్తిక నాస్తిక శబ్దములు: మతి జ్ఞానముల భేదము

ఆస్తికుడు, నాస్తికుడు అను పదములు తెలుగుదేశమున పండితులకును పామరులకును సుపరిచితములు. దేవుడున్నాడనువాడు ఆస్తికుడు, లేడనువాడు నాస్తికుడు అని వాడుక. ఈ వాడుకను బట్టి జనులందఱును ఈ రెండు పంక్తులలో నేదో యొకదానియందు కూర్చుండవలసినదే కాని మూడవ పంక్తి లేదు. ఉన్నాడో లేడో తెలియదనువాడు ఎచట కూర్చుండవలెను? ఉన్నాడని నమ్ముచున్నాను గాని ఎఱుగుదునని చెప్పజాలననువానికి చోటెక్కడ? వాడుక ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పదు. ఆ రెండు పదములును నమ్మకమును గుఱించినవి. ఈ ప్రశ్నలు ఎఱుకను గుఱించినవి. ఒకడు దేనిని నమ్మునన్నది యొక విషయము. దానిని అతడు ఎఱుగునా, ఎఱిగినచో దేనివలన ఎఱుగునన్నది వేఱొక విషయము. ఈ భేదము పాశ్చాత్య విద్యతో వచ్చిన క్రొత్త యూహయని తలచుట కలదు. అది సరికాదు. ఆ పదముల పుట్టుకయందే భేదము స్పష్టముగా నున్నది. తరువాతి చరిత్రలో అది పలుమాఱులు మఱుగుపడినది, పలుమాఱులు బయటపడినది. మఱుగుపడినప్పుడెల్ల ఎవడో యొకడు తనది కాని పేరు మోయవలసివచ్చినది.

ఈ పదములకు వ్యుత్పత్తి చెప్పినది పాణిని. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము నాలుగవ పాదమున 60వ సూత్రము అస్తి, నాస్తి, దిష్టము అను మూడు శబ్దములకు, అట్టి మతి గలవాడను అర్థమున, ఠక్ ప్రత్యయమును విధించుచున్నది. దానివలన ఆస్తికుడు, నాస్తికుడు, దైష్టికుడు అను మూడు పదములేర్పడినవి. ఇచట గమనింపదగినవి రెండు. మొదటిది, సూత్రమునందలి పదము మతి గాని జ్ఞానము గాదు. ఉన్నదని తలచువాడు ఆస్తికుడు. ఉన్నదని ఎఱిగినవాడని సూత్రము చెప్పలేదు. రెండవది, ఉన్నదనబడునది యేదో, లేదనబడునది యేదో సూత్రమున లేదు. కర్త స్థానము ఖాళీగా నున్నది. ఆ ఖాళీని ఒక్కొక్క కాలము ఒక్కొక్క వస్తువుతో పూరించినది.

క్రీ.పూ. 2వ శతాబ్దివాడగు పతంజలి మహాభాష్యమున ఈ సూత్రముపై చమత్కారమైన శంక యొకటి యెత్తినాడు. మతి యున్నవాడు ఆస్తికుడని అర్థము చేసికొన్నచో దొంగయు ఆస్తికుడే కావలసివచ్చును; వానికిని మతి యున్నది గదా. కావున అస్తి యను పలుకునకు పిమ్మట ఇతి శబ్దము లోపించినదని గ్రహింపవలెనని ఆయన సమాధానము. అనగా ఉన్నదని యెవని మతియో వాడు ఆస్తికుడు, లేదని యెవని మతియో వాడు నాస్తికుడు. మతి యుండుట గాక మతి యేమి చెప్పుచున్నదన్నదే ప్రధానమైనది. ఇంతవఱకు భాష్యకారుడును ఆ ఖాళీని పూరింపలేదు.

పూరించినవారు 7వ శతాబ్దియందలి కాశికావృత్తికారులు జయాదిత్య వామనులు. వారి మతమున పరలోకమున్నదని తలచువాడు ఆస్తికుడు, తద్విరుద్ధముగా తలచువాడు నాస్తికుడు. ఈశ్వరుని ప్రసక్తి యిందు లేదు. అంతకంటె ముఖ్యమైనది మూడవ పదమునకు వారు చెప్పిన యర్థము. ఎవని మతి ప్రమాణము ననుసరించి నడచునో వాడు దైష్టికుడని వారు వ్రాసిరి. ఉన్నదని ముందుగా తలచినవాడొకడు, లేదని ముందుగా తలచినవాడొకడు. ప్రమాణమెటు నడిపించిన అటు పోవువాడు మూడవవాడు. మొదటి రెండు పేరులు మతి చెప్పు విషయమును బట్టి వచ్చినవి. మూడవ పేరు మతికి గల ఆధారమును బట్టి వచ్చినది. నమ్మకమునకును ఎఱుకకును గల భేదము ఒక్క సూత్రముయొక్క వ్యాఖ్యలో ఇంత చక్కగా నిలిచినది.

కాని ఆ మూడవ పదము లోకమున నిలువలేదు. దిష్ట శబ్దమునకు దైవము, అదృష్టము అను నర్థము బలముగా నుండుటచే దైష్టికుడనగా విధి నమ్మినవాడను అర్థము స్థిరపడినది. వీథిబడులలో తెలుగు బాలురు వల్లించిన అమరకోశమునందును దిష్టము దైవ భాగధేయములతో గలిసి యున్నది. ప్రమాణానుసారియగు దైష్టికుడు వ్యాఖ్యానములలో నుండిపోయెను. వాడుకకు మిగిలినవారు ఇద్దఱు.

ఆ యిద్దఱి పేరులును ఒక చోట నిలువలేదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున, హేతుశాస్త్రమును ఆశ్రయించి శ్రుతిస్మృతులను అవమానించువానిని సాధువులు వెలివేయవలెనని చెప్పి, వానిని వేదనిందకుడగు నాస్తికుడని పేర్కొన్నది. పరలోకము తొలగి వేదమచట చేరినది. అంతేకాక పేరుతో శిక్షయు చేరినది. బౌద్ధుడని ప్రసిద్ధి గాంచిన అమరసింహుడు తన కోశమున నాస్తికతకు మిథ్యాదృష్టి యని పర్యాయపదమిచ్చెను. మిథ్యాదృష్టి బౌద్ధుల పరిభాష. దానధర్మములకు ఫలము లేదు, పరలోకము లేదు అనుట వారికి మిథ్యాదృష్టి. వేదమును ప్రమాణముగా గొననివాడు మనువు లెక్కలో నాస్తికుడు. అట్టివాడగు బౌద్ధుని కోశమున నాస్తికుడు మఱియొకడు. 8వ శతాబ్దియందలి జైనాచార్యుడు హరిభద్రుడు షడ్దర్శనసముచ్చయమున బౌద్ధ జైనములను న్యాయ సాంఖ్య వైశేషిక జైమినీయములతో పాటు ఆస్తికవాదములలో లెక్కించి, లోకాయతము నొక్కదానిని వెలుపల నుంచెను. ప్రతి పక్షమువాడును తన గృహమునకు ఆస్తిక ద్వారము కట్టి, ఇష్టము లేనివానిని నాస్తిక పార్శ్వమునకు పంపెననుట స్పష్టము.

ఈ గందరగోళమునకు ఉత్తమ నిదర్శనము కుమారిలభట్టు. ఆయన శ్లోకవార్తికమున జగత్కర్తయగు నీశ్వరుని, సర్వజ్ఞుని సుదీర్ఘముగా ఖండించెను. నేటి వాడుకను బట్టి ఆయనను నాస్తికుడనవలసివచ్చును. కాని ఆ గ్రంథారంభముననే, లోకమున మీమాంస తఱచుగా లోకాయతముగా మార్చబడినదనియు, దానిని మరల ఆస్తిక పథమునకు తెచ్చుటకే తన ప్రయత్నమనియు ఆయన చెప్పుకొనెను. జగత్కర్తను కాదన్నవాడు తాను ఆస్తిక పథమును బాగుచేయుచున్నానని చెప్పుకొనుటలో ఆయన కెట్టి విరోధమును తోచలేదు. ఆయన నాటి ఆస్తికత్వమునకు వేదము గీటురాయి, ఈశ్వరుడు గాడు.

ఇచట రెండు మాటల ధాతువులను పరికించుట యుచితము. మతి, మతము అను రెండును మన్ ధాతువునుండి పుట్టినవి. తలచుట దాని యర్థము. వేదము విద్ ధాతువునుండి పుట్టినది. ఎఱుగుట దాని యర్థము. అనగా తెలుగువాడు నేడు మతమని పిలుచునది, పదమును బట్టి చూడగా, ఒకని తలపు. వేదమని పిలుచునది ఎఱుక. కేనోపనిషత్తు రెండవ ఖండమున ఈ రెండు ధాతువులను ఎదురెదురుగా నిలిపి, బ్రహ్మమును తాను తలచితిననుకొనువాడు ఎఱుగడనియు, తలపున కందనిదనువానికే అది అందినదనియు చెప్పుచున్నది. ఆస్తికుల పరమ ప్రమాణమగు గ్రంథమే తలచుటకును ఎఱుగుటకును నడుమ గీత గీసినదన్నమాట.

ఎఱుకను గుఱించిన ప్రశ్నను సూటిగా వేసినవారు అంతకు పూర్వమే కలరు. దీఘనికాయమునందలి సామఞ్ఞఫలసుత్తమున మగధరాజగు అజాతశత్రువు తాను చూచిన యాఱుగురు ఆచార్యుల వాదములను బుద్ధునకు నివేదించును. వారిలో అజితకేశకంబళి దానమునకు ఫలము లేదు, పరలోకము లేదు, దేహముతోనే సర్వమును నశించునని నిశ్చయించి చెప్పినవాడు. సంజయ బేలట్ఠిపుత్తుడు అట్లుగాదు. పరలోకమున్నదా యని అడిగినచో, ఉన్నదని తనకు తోచినచో అట్లే చెప్పుదును, కాని అట్లు చెప్పను, లేదనియు చెప్పను, ఉండి లేదనియు చెప్పను అని అతడు ప్రతి పక్షమునుండియు తప్పుకొనును. అజితుడు పాణిని యర్థమున నాస్తికుడు. సంజయుడు నాస్తికుడును గాడు, ఆస్తికుడును గాడు. అతనికి మతియే లేదు.

ఇట్టివారిని బౌద్ధులు అమరావిక్ఖేపికులనిరి. అమర యనునది చేతికి చిక్కక జాఱిపోవు నొక చేప. బ్రహ్మజాలసుత్తము ఇట్టివారిని నాలుగు విధములుగా విభజించినది. అసత్యము పలుకుదునేమో యను భయముచే తప్పుకొనువాడొకడు. ఒక పక్షమున తగులుకొందునేమో యను భయముచే తప్పుకొనువాడొకడు. పరీక్షకు నిలువలేనను భయముచే తప్పుకొనువాడొకడు. మందబుద్ధిచే ఏమియు చెప్పలేనివాడొకడు. తెలియదనుట యొక్కటే యైనను అట్లనుటకు హేతువులు వేఱువేఱని గుర్తించుట మిక్కిలి సూక్ష్మమైన పరిశీలనము. మొదటివాని మౌనము సత్యనిష్ఠ. నాలుగవవానిది కేవలము జాడ్యము. జైనులును ఈ తెగను వేఱుగా లెక్కించిరి. సూత్రకృతాంగమున క్రియావాదము, అక్రియావాదము, అజ్ఞానవాదము, వినయవాదము అని నాలుగు పక్షములు చెప్పబడినవి. సంప్రదాయపు లెక్కలో మొదటిదానియందు 180, రెండవదానియందు 84, మూడవదానియందు 67, నాలుగవదానియందు 32, వెరసి 363 వాదములు. ఉన్నదనువారి నుండియు లేదనువారి నుండియు తెలియదనువారిని వేఱుపఱచి వారికొక గడి కేటాయించుట ఈ లెక్కలోని విశేషము. ఐనను ఆ గడికి పెట్టిన పేరు అజ్ఞానవాదము. ఎదుటి పక్షమువారు పెట్టిన పేరగుటచే అందు నింద ధ్వనించుచున్నది.

తరువాతి తార్కికులు నిందను విడిచి ప్రశ్నను మాత్రము గైకొనిరి. ఎఱుకకు లక్షణమేమి, దాని సాధనములెవ్వి యనుటయే ప్రమాణశాస్త్రము. 17వ శతాబ్దివాడును తెలుగువాడును అగు అన్నంభట్టు తర్కసంగ్రహమున అనుభవమును యథార్థము, అయథార్థము అని విభజించి, అయథార్థమున సంశయము, విపర్యయము, తర్కము అని మూడు భేదములు చెప్పెను. సంశయము విపర్యయముతో ఏకము కాదు. త్రాడును చూచి పామనుకొనుట విపర్యయము. త్రాడో పామో యని డోలాయమానముగా నుండుట సంశయము. నాస్తికుడు పొరపడినవాడని ఆస్తికుడు వాదింపవచ్చును. సంశయించువానిని మాత్రము అదే పేరుతో పిలువరాదని ఈ విభాగమే తెలుపుచున్నది.

ఈశ్వర విషయమున ఈ శాస్త్రము చేసిన వివేచనము రెండు చోట్ల మిక్కిలి స్పష్టము. 10, 11 శతాబ్దుల సంధికాలమువాడగు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడవ స్తబకమున, కానరాకపోవుటచే లేడని తేల్చుట ఎప్పుడు చెల్లునని విచారించెను. నేలపై కుండ కానరానిచో కుండ లేదనవచ్చును. ఉన్నచో కనబడదగిన వస్తువది. పిశాచము కానరాలేదు గావున లేదనుట చెల్లదు. అది యున్నను కనబడదగినది గాదు. ఈశ్వరుడును ప్రత్యక్షమునకు అయోగ్యుడగుటచే కానరాకపోవుట ఆయన అభావమునకు ప్రమాణము గాదు. ఇది ఈశ్వరుడున్నాడని సాధించుట గాదు. అందుకు ఉదయనుడు వేఱుగా అనుమానములు చూపెను. లేడని ఎఱుగుటకు కావలసిన సామగ్రి యెంతయో చూపుట మాత్రమే యిది.

రెండవ నిదర్శనము ఎదుటి పక్షమునుండి వచ్చినది. సాంఖ్యసూత్రములలో ఈశ్వరుడు సిద్ధింపడను హేతువొకటి కలదు. దానిని బట్టి సాంఖ్యము నిరీశ్వరమని చెప్పుదురు. 16వ శతాబ్దియందలి విజ్ఞానభిక్షువు తన భాష్యమున సూత్రకారుని పదమును తూచి చూచెను. సూత్రమున అసిద్ధి యనబడినదే కాని అభావము అనబడలేదు. లేడని చెప్పదలచినచో ఆ రెండవ పదమునే వాడియుండవలెనని ఆయన వాదము. ఆయనకు సాంఖ్యమును వేదాంతముతో సమన్వయింపవలెనను తలంపు కలదన్నది నిజమే. ఐనను ఆయన చూపిన భేదము ఆయన ప్రయోజనముతో నిమిత్తము లేక నిలుచును. రుజువు కాలేదనుట వేఱు, లేడనుట వేఱు.

ఈ మార్గమున చివఱివఱకు నడచినవాడు జయరాశిభట్టు. ఇంచుమించు 9వ శతాబ్దివాడని తలపబడు నితని తత్త్వోపప్లవసింహము 1926లో పాటణ భాండారమున దొరకి 1940లో బరోడా గ్రంథమాలలో అచ్చుపడినది. చార్వాకులు ప్రత్యక్షము నొక్కదానిని ప్రమాణముగా గొని పరలోకము లేదందురు. జయరాశి ఆ ప్రత్యక్షమును గూడ నిలువనీయలేదు. ప్రమాణ లక్షణమేదియు కుదురదని చూపిన పిమ్మట, ఉన్నదని ఎఱుగుటకు వీలు లేనట్లే లేదని ఎఱుగుటకును వీలు లేదు. నాస్తికులనబడినవారందఱును ఒకే మాట చెప్పలేదనుటకు ఈ గ్రంథము గట్టి సాక్ష్యము.

ఐరోపాలో ఈ భేదమును న్యాయస్థానములును శాసనసభయు ముందునకు తెచ్చినవి. ఇంగ్లండున జార్జి జేకబ్ హోలియోక్ దైవదూషణ నేరమునకు 1842లో ఆఱు నెలల చెఱ యనుభవించెను. ఎథీయిస్టు అను పేరు దుర్నీతికి పర్యాయముగా వినబడుటచే ఆయన 1851లో సెక్యులరిజము అను క్రొత్త పదమును కల్పించి, పరలోక విచారమును విడిచి ఇహలోక హితముపై దృష్టి నిలిపెను. చార్లెస్ బ్రాడ్లా ఆ పాత పేరును విడువలేదు. కాని 1864లో ప్రకటించిన తన వాదమున, దేవుడు లేడని తాను చెప్పుటలేదనియు, దేవుడను పదమునకు తన మనస్సున స్పష్టమైన అర్థమేదియు ఏర్పడలేదనియు వివరించెను. ఎథీయిస్టును నాస్తికుడని తెనిగించుటలోని చిక్కు ఇచటనే కలదు. నాస్తికునకు లేదని మతి యుండవలెను. బ్రాడ్లా చెప్పినది మతి లేకుండుట.

1880లో నార్తాంప్టన్ పౌరులు బ్రాడ్లాను పార్లమెంటునకు ఎన్నుకొనిరి. దేవుని పేర ప్రమాణము చేయుటకు బదులు ప్రతిజ్ఞ చేయుటకు ఆయన అనుమతి కోరగా సభ నిరాకరించెను. ప్రమాణమే చేయుదుననగా, నమ్మనివాని ప్రమాణము చెల్లదని మరల నిరాకరించెను. ఓటర్లు పలుమాఱులు తిరిగి పంపగా, తుదకు 1886లో ఆయన సభలో కూర్చుండగలిగెను. 1888 నాటి ప్రమాణ శాసనము మతవిశ్వాసము లేదనియో, ప్రమాణము తమ మతమునకు విరుద్ధమనియో తెలిపినవారికి ప్రతిజ్ఞ హక్కు నిచ్చెను. క్వేకరులు అంతకు రెండు శతాబ్దులకు పూర్వము నుండియు ప్రమాణము మాని ప్రతిజ్ఞయే చేయుచుండిరి. వారు దైవభక్తిచే ఒట్టు పెట్టుకొననివారు. కావున చేసిన క్రియను బట్టి లోని మతిని నిర్ణయించుటకు వీలు లేదని ఆ చరిత్రయే చెప్పుచున్నది.

జీవశాస్త్రజ్ఞుడగు టామస్ హెన్రీ హక్స్లీ 1869లో ఆగ్నాస్టిక్ అను పదమును కల్పించెను. తన చుట్టునున్నవారందఱును ఏదో యొక సిద్ధాంతమును ఎఱిగినవారుగా నుండగా తన కట్టి ఎఱుక లేదని తెలుపుటకే ఆ పేరు పెట్టుకొంటినని 1889లో వివరించెను. ఆయన దృష్టిలో అది సిద్ధాంతము గాదు, నియమము: ఆధారము చూపలేనిదానిని ఎఱిగినట్లు చెప్పరాదు. కాశికాకారులు చెప్పిన దైష్టికునకు ఇంతకంటె దగ్గఱి చుట్టము లేడు. తెలుగున ఈ పదమునకు అజ్ఞేయవాదియని ప్రతిపదము వాడుకలోనికి వచ్చినది. అజ్ఞేయమనగా ఎఱుగరానిది. ఎఱుగరానిదనుట హర్బర్ట్ స్పెన్సరు 1862 నాటి వాదమునకు సరిపడును. ఎఱుగలేదనుట మాత్రమే హక్స్లీ పలుకు. ఎఱుగరానిదని చెప్పువాడు ఆ వస్తువును గుఱించి ఒక సంగతి ఎఱిగినట్లే చెప్పుచున్నాడు.

ఈ పాశ్చాత్య చరిత్ర తెలుగుదేశపు చరిత్రతో ఒక మార్గమున కలిసినది. 1891లో మరణించిన బ్రాడ్లా అంత్యక్రియలకు లండనున చదువుచున్న గాంధీ హాజరైనట్లు తన యాత్మకథలో వ్రాసెను. నాస్తికత్వముపై ఆయనకు ఆదరము కలుగలేదు. కాని నాస్తికులయందలి సత్యనిష్ఠను ఆయన మఱువలేదు. దేవుడే సత్యమని పూర్వము చెప్పుచుండిన ఆయన 1931లో లోజానున, సత్యమే దేవుడని మాట మార్చుటకు గల హేతువును వివరించెను. దేవుని కాదన్నవారును సత్యమును కాదనలేరని అందొక హేతువు. సత్య శబ్దమునకు మూలమగు సత్ అను పదమును, ఆస్తిక శబ్దమునందలి అస్తియు ఒకే యస్ ధాతువునుండి పుట్టినవి. ఆ మార్పుచే అస్తి యను పలుకున ఖాళీగానున్న కర్త స్థానమున సత్యమే వచ్చి కూర్చున్నదనవచ్చును.

నాస్తికుడన్న పేరును దాచక ధరించిన తెలుగువాడు గోరా యను గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రోపాధ్యాయుడుగా నుండి, ఆ మతము కారణముగా కళాశాలోద్యోగమును కోల్పోయి, 1940లో కృష్ణా మండలమున ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించెను. 1947లో అది విజయవాడకు మాఱినది. గాంధీతో తన సంభాషణములను గోరా 1951లో గ్రంథముగా ప్రకటించెను. మనుష్యుడు తన కర్మకు తానే కర్తయను స్వాతంత్ర్యము ఆయన నాస్తికత్వమునకు ముఖ్యార్థము. అస్పృశ్యతా నివారణము దాని ఆచరణము. మనువు వెలివేయుటకు వాడిన పదము వెలివేతను నిర్మూలింపబూనిన వాని బిరుదమగుట ఆ పద చరిత్రయందు చెప్పుకొనదగిన ఘట్టము.

1950 నాటి భారత రాజ్యాంగము మూడవ అనుబంధమున పదవి నధిష్ఠించువారికి రెండు దారులనిచ్చినది: దేవుని పేర ప్రమాణము చేయవచ్చును, లేదా గంభీరముగా ప్రతిజ్ఞ చేయవచ్చును. ఎందుచే ఈ దారి కోరితివని శాసనము అడుగదు. 1969 నాటి ప్రమాణ శాసనము సాక్షులకును అట్టి స్వేచ్ఛనే యిచ్చినది. జనాభా లెక్కలలో మాత్రము చిక్కు మిగిలినది. 2011 లెక్కలయందు మతము తెలుపనివారుగా సుమారు 28 లక్షల 67 వేల మంది నమోదైరి. మతము లేనివాడు, ఉండియు చెప్పనొల్లనివాడు, చెప్పుటకు తగిన పేరు దొరకనివాడు ఆ యొక్క గడిలో కలిసియుండుటకు వీలున్నది. సంజయునికి ఒక గడి వేఱుగా కట్టిన జైనుల లెక్క ఈ విషయమున సూక్ష్మతరమైనది.

పై చరిత్రవలన తేలిన సారాంశమిది. ఆస్తిక నాస్తిక శబ్దములు మతిని దెలుపునవి. ఆ మతికి విషయము పరలోకమా, వేదమా, ఈశ్వరుడా యన్నది చెప్పినగాని ఆ పేరులకు అర్థము పూర్తికాదు. ఆ మతి ఎఱుకయా కాదా యన్నది వేఱొక ప్రశ్న. దానికి సమాధానము వేఱుగా రావలెను. నమ్మి, ప్రమాణములతో నిరూపింతునన్నవాడు ఉదయనుడు. లేదని నిశ్చయించినవాడు అజితుడు. రుజువు కాలేదని మాత్రము పలికినది విజ్ఞానభిక్షువు చదివిన సాంఖ్యసూత్రము. ఏ పక్షమును పట్టనివాడు సంజయుడు. తలచితిననుటయే ఎఱుగకుండుటకు గుర్తన్నది కేనోపనిషత్తు. ఈ యైదింటిని రెండు పేరులలో ఇమిడ్చినచో మూడింటికైన అన్యాయము జరుగును. ఒకని మతమేమని అడిగి ఊరకుండుట చాలదు. అది నీకు తెలిసినదా, తోచినదా యని కూడ అడుగవలెను. పాణిని సూత్రమున మూడవ పదమొకటి యుండుటకు కాశికాకారులు చూపిన ప్రయోజనము అదియే.